పాత బొమ్మ రైళ్ల ట్రాన్స్‌ఫార్మర్లు: మరమ్మతు, సంరక్షణపై తరచుగా అడిగే ప్రశ్నలు

పాత బొమ్మ రైలు చేతికొచ్చినవాళ్లు ముందు ఇంజను గురించి అడుగుతారు, తర్వాత పట్టాల గురించి. ట్రాన్స్‌ఫార్మర్ సంగతి అడిగేది అది వాసన కొట్టాకే. ఇంటి కరెంటుతో నేరుగా ముడిపడిన భాగం అదొక్కటే కాబట్టి ముందు చూడాల్సింది దాన్నే. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వస్తున్న సందేహాలు ఇవి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## చేతికొచ్చిన రోజు

అటక మీద యాభై ఏళ్లుగా పడున్న ట్రాన్స్‌ఫార్మర్ దొరికింది. ఒకసారి ప్లగ్ పెట్టి చూడొచ్చా?

పెట్టకండి. లోపలి ఇనప కోరు, రాగి చుట్టలు రెండు తరాలు గడిచినా మామూలుగా బాగానే ఉంటాయి. చెడిపోయేది కరెంటు వైరు మీది రబ్బరు. గాలి తగిలి, ట్రాన్స్‌ఫార్మర్ వేడికి ఎండి అది పెళుసైపోతుంది. నేను మొదటిసారి విప్పినదానికి బయట వైరు మెత్తగా, నల్లగా నిగనిగలాడుతూ ఉంది. మూత తీశాక చూస్తే లోపల నాలుగు వేళ్ల పొడవున రబ్బరు పెంకులుగా ఊడి అడుగున రాలి ఉంది. రెండు రాగి తీగలు బోసిగా, మధ్యలో అగ్గిపుల్ల మందం ఎడంతో నిలబడి ఉన్నాయి. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను. అందుకే వైరు ప్లగ్ దగ్గర బాగుందా అని కాదు, మూత లోపల బాగుందా అని చూడాలి. అది చూసేదాకా ప్లగ్ జోలికి పోవద్దు.

కొనేముందు షాపులోనో ఇంకొకరి ఇంట్లోనో నిలబడి ఏం చూడగలను?

ప్లగ్ పెట్టకుండానే చాలా తెలుస్తుంది. వైరును కేసులోకి వెళ్లే చోట మెల్లగా వంచండి, పగుళ్లు కనిపిస్తే మార్చాల్సిందే. హ్యాండిళ్లు తిప్పండి. సాఫీగా, కాస్త పట్టుతో తిరగాలి. గరగరమంటే లోపల చుట్ట మీద దొర్లే రోలర్ (చిన్న చక్రం) అరిగినట్టు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. పాత వార్నిష్ వాసన మామూలే, మాడిన వాసన వస్తే చుట్ట కాలి ఉండొచ్చు. అడుగు రేకు స్క్రూల తలలు చెడి ఉంటే ఎవరో అంతకుముందే విప్పారన్నమాట. అది తప్పు కాదు, కానీ లోపల ఎవరి పనితనం ఉందో చూశాకే నమ్మాలి.

దీని మీద 275 వాట్లు అని ఉంది. అన్నీ పట్టాలకు వస్తాయా?

రావు. పాత అమెరికన్ ట్రాన్స్‌ఫార్మర్ల రేకు మీద వేసిన వాట్లు గోడ నుంచి లాగేవి. లయనెల్ అనే అమెరికన్ బొమ్మ రైళ్ల కంపెనీ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ జెడ్‌డబ్ల్యూ (ZW) 1948లో 250 వాట్లతో వచ్చి తర్వాత 275 వాట్లకు పెరిగింది. దాని నుంచి పట్టాలకు నిలకడగా అందేది సుమారు 180 వాట్లు, అదీ నాలుగు హ్యాండిళ్లకూ కలిపి. మిగతాది వేడిగా పోతుంది. మీ అవసరం ఇలా లెక్కేసుకోండి: ‘ఓ’ (O) గేజి అనే పట్టాల కొలతకు చేసిన పాత ఇంజను ఒకటి 2 నుంచి 3 ఆంపియర్లు తింటుంది, దీపాలున్న పెట్టెలు దానికి అదనం. 14 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లంటే 42 వాట్లు.

115 వోల్టులు, 60 సైకిల్స్ అని రాసి ఉంది. ఇంట్లో వచ్చేది 230 వోల్టులు, 50 సైకిల్స్. ఎలా వాడాలి?

నేరుగా పెడితే క్షణాల్లో మాడిపోతుంది. మధ్యలో వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, దాని సామర్థ్యం మీ రైలు ట్రాన్స్‌ఫార్మర్ వాట్ల కంటే ఎక్కువ ఉండాలి. ఇంతవరకు అందరూ చెప్పేదే. మరచిపోయేది సైకిల్స్, అంటే ఫ్రీక్వెన్సీ సంగతి. కోరులో పుట్టే అయస్కాంత ప్రవాహం వోల్టేజిని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. 60కి చేసిన కోరును అదే వోల్టేజితో 50 మీద నడిపితే ప్రవాహం 20 శాతం పెరిగి కోరు నిండిపోతుంది, ఖాళీగా ఉన్నా మూలుగుతుంది, కాగుతుంది. 115ను 50తో గుణించి 60తో భాగిస్తే సుమారు 96. కాబట్టి 110 బదులు 100 వోల్టులిచ్చే స్టెప్‌డౌన్ ఎంచుకుంటే పాతది చల్లగా ఉంటుంది. పట్టాల మీద వోల్టేజి కొంచెం తగ్గుతుంది, హ్యాండిల్ ఇంకాస్త తిప్పితే సరి.

220 వోల్టుల పాత మార్క్లిన్ (జర్మన్ కంపెనీ) ట్రాన్స్‌ఫార్మర్ 230 మీద వాడితే ఏమవుతుంది?

పాత ఇంజన్లతో పెద్ద ఇబ్బంది రాకపోవచ్చు, కొత్త డిజిటల్ ఇంజన్లతో మాత్రం వద్దు. ఈ పద్ధతిలో దిశ మార్చడానికి నాబ్‌ను వెనక్కి నొక్కితే 24 వోల్టుల చుట్టుపక్కల ఒక ఝలక్ పట్టాలకు వెళుతుంది. ఇంటి వోల్టేజి పెరిగితే ఆ ఝలక్ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. పాత ఇంజనులోని దిశ మార్చే రిలే దాన్ని తట్టుకుంటుంది. కొత్త ఇంజనులో ఆదేశాలను అందుకునే ఎలక్ట్రానిక్ పలక, డిజిటల్ డీకోడర్, తట్టుకోదు, ఒక్క నొక్కుతో పోతుంది.

ట్రాన్స్‌ఫార్మరే లేకుండా బల్బు మీదుగా నడిచే సెట్టు ఉంది. బాగుచేయొచ్చా?

చూసుకోవడానికి దాచుకోండి, నడపడానికి బాగుచేయకండి. 1925లో బ్రిటిష్ కంపెనీ హార్న్‌బీ తెచ్చిన తొలి కరెంటు రైలు మెట్రోపాలిటన్ ఇలా నడిచేదే. ఇంటి కరెంటును ఒక బల్బు మీదుగా నేరుగా పట్టాలకు ఇచ్చేవారు. బల్బు కరెంటును తగ్గిస్తుంది గానీ పట్టాలను ఇంటి లైను నుంచి విడదీయదు. పట్టా తాకితే గోడ సాకెట్లో వేలు పెట్టినట్టే. అలాంటి సెట్టు వైరు చివర ప్లగ్ తీసేసి ఉంచడం మంచిది, తెలియనివాళ్లు ఎవరైనా పెట్టేయకుండా.

## పరీక్షలు

మల్టీమీటర్ ఒక్కటే ఉంది. దాంతో ఏం తేలుతుంది?

ప్లగ్ రెండు కాళ్ల మధ్య ఓమ్‌లు చూడండి. చిన్న విలువ వస్తే ప్రైమరీ చుట్ట (ఇంటి కరెంటు వచ్చే చుట్ట) తెగలేదని అర్థం. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లలో అది కొద్ది ఓమ్‌లే ఉంటుంది, షార్టని కంగారు పడొద్దు. అసలేమీ చూపకపోతే ముందు వైరును అనుమానించండి, చుట్టను కాదు. తర్వాత ప్లగ్ కాలు నుంచి కోరుకు, కేసు ఇనుముకు, అవుట్‌పుట్ పోస్టులకు (పట్టాలకు వెళ్లే తీగలు బిగించే చోట్లకు) చూడండి. ఏ విలువ చూపించినా అది ప్రమాదమే. ఏమీ చూపకపోయినా పూర్తిగా భద్రమని చెప్పలేం. మీటరు లోపలి బ్యాటరీ కొద్ది వోల్టులే పంపుతుంది, 230 వోల్టుల దగ్గర తెగే ఇన్సులేషన్ దానికి చిక్కదు. దానికి ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు, 500 వోల్టుల మెగ్గర్ కావాలి. దగ్గర్లోని ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉంటుంది. ప్రైమరీకి, మిగతావాటికి మధ్య 1 మెగా ఓమ్ కంటే తక్కువ చూపినదాన్ని నేను వాడను.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సిరీస్ బల్బు (ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్లే కరెంటు దారిలో ఒక బల్బు) పెట్టమంటారు. ఎందుకు?

లోపల షార్టుంటే కరెంటంతా బల్బు మీదుగానే రావాలి కాబట్టి బల్బు వెలుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ బతుకుతుంది. 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బు వాడండి, ఎల్ఈడీ పనికిరాదు. పట్టాలు తీసేసి, హ్యాండిళ్లు సున్నాలో పెట్టి స్విచ్ వేయండి. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతే, లేదా నిప్పుకణికలా మందంగా ఉంటే మంచిదే. నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయండి, చుట్టలో షార్టుంది. బల్బు, హోల్డరు, వైర్లు అన్నీ మూతలున్నవే వాడాలి. తెగిన వైర్లను మెలిపెట్టి కలిపిన ఏర్పాటుతో ఇది చేయకండి.

ఖాళీగా వోల్టేజి సరిగానే ఉంది, ఇంజను పెడితే పడిపోతోంది. లోపం ఎక్కడ?

మీటరు దాదాపు కరెంటు లాగదు కాబట్టి తుప్పు పట్టిన పోస్టు కూడా దానికి బాగానే కనిపిస్తుంది. నిజం తెలియాలంటే బరువు మోయించాలి. నేను కారు బ్రేకు లైటు బల్బులు వాడతాను: 12 వోల్టుల, 21 వాట్ల బల్బులు రెండేసి సిరీస్‌లో. అలాంటి జత ఒక్కొక్కటి 20 వోల్టుల దగ్గర ఒకటిన్నర ఆంపియర్లకు పైగా లాగుతుంది. జతలు పెంచుకుంటూ పోస్టుల దగ్గర కొలవండి, తర్వాత పట్టాల దగ్గర కొలవండి. పోస్టుల దగ్గరే పడిపోతే రోలర్లో బ్రేకరో, పట్టాల దగ్గర పడిపోతే మీ వైర్లూ పట్టాల పిన్నులూ. పరీక్షలో బల్బులు బాగా కాగుతాయి, కింద లోహపు పళ్లెం పెట్టండి.

## విప్పాక

విప్పేముందు ఏ జాగ్రత్తలు?

ప్లగ్ తీసి, దాన్ని కళ్ల ముందు బల్ల మీద పెట్టుకోండి. ప్రతి దశలో ఫోటో తీయండి, ప్రతి వైరుకూ చీటీ కట్టండి. కూత మీట స్ప్రింగులు విప్పగానే ఎగిరిపోతాయి, పాత తువ్వాలు పరచి దాని మీద పనిచేస్తే వెతుక్కునే బాధ తప్పుతుంది.

కరెంటు వైరు మార్చడం నేను చేసుకోగలనా?

సోల్డరింగు చేతనైతే చేసుకోవచ్చు, కాకపోతే ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. పాత వైరును మధ్యలో కత్తిరించి కొత్తది అతికించొద్దు. చుట్ట నుంచి వచ్చే తీగ దాకా పోవాలి. ఆ తీగ మీది గుడ్డ తొడుగు కూడా ఎండి ఉంటుంది, మెల్లగా తీసి హీట్‌ష్రింక్ స్లీవు తొడగండి. కొత్త వైరు 0.75 చదరపు మిల్లీమీటర్లు చాలు. కేసు రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ వేసి, లోపల వైరుకు ముడి వేయండి లేదా క్లాంపు బిగించండి. ఎవరైనా కాలు తగిలి వైరు లాగితే ఆ లాగుడు ముడి మీద పడాలి, సోల్డరు మీద కాదు.

లోహపు కేసయితే మూడు తీగల వైరు వేసి ఎర్తును కేసుకు, కోరుకు గట్టిగా బిగించండి. పాత తయారీలో ఎర్తు లేదు. అసలు రూపం చెడుతుందని సేకరించేవాళ్లు కొందరు ఒప్పుకోరు. వాళ్ల మమకారం నాకు అర్థమవుతుంది, నాకూ ఉంది. అయినా నడిపే ట్రాన్స్‌ఫార్మర్‌కు పాత వైరు ఉంచడం తప్పని నా గట్టి అభిప్రాయం. తీసిన వైరును కవర్లో పెట్టి పెట్టెలోనే దాచుకోండి.

హ్యాండిల్ తిప్పుతుంటే నిప్పురవ్వలు, రైలు కుదుపులు. రోలర్ మార్చాలా?

చాలావరకు అదే. హ్యాండిల్ చివర ఉన్న చిన్న నల్ల చక్రమే రోలర్. అది సెకండరీ చుట్ట (పట్టాలకు కరెంటు ఇచ్చే చుట్ట) మీద, ఇన్సులేషన్ గీకి మెరిపించిన రాగి అంచున దొర్లుతుంది. ఎక్కడ నిలిస్తే అన్ని చుట్ల వోల్టేజి వస్తుంది. ఆ చక్రాన్ని ఇత్తడితో కాక కార్బన్‌తో చేయడంలో ఒక తెలివుంది. ఒక చుట్టు నుంచి పక్క చుట్టుకు దొర్లేటప్పుడు చక్రం రెండింటినీ ఒకేసారి తాకుతుంది, అంటే ఆ ఒక్క చుట్టు షార్టవుతుంది. ఇత్తడయితే ఆ చుట్టులో కరెంటు వరదలా పారి రాగి కరిగేది. కార్బన్‌కున్న నిరోధం దాన్ని అదుపులో పెడుతుంది. అందుకే దొరకలేదని లోహపు చక్రం చేయించి పెట్టడం ట్రాన్స్‌ఫార్మర్‌ను చంపుకోవడమే.

చక్రం గుండ్రంగా లేక పలకలు తేలినా, అంచు విరిగినా, దాన్ని పట్టుకున్న లోహం రాగిని తాకేంతగా అరిగినా మార్చండి. కొత్తవి పాత మోడళ్లకు ఇప్పటికీ తయారవుతున్నాయి. మార్చేటప్పుడు అన్నీ కలిపి మార్చండి, స్ప్రింగు బిగువు కూడా చూడండి.

చుట్ట మీది నల్లటి మసి ఎలా తీయాలి?

పెన్సిల్ రబ్బరుతో మెల్లగా, చుట్ల వెంబడి రుద్దండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. స్టీలు ఉన్ని తగలనివ్వొద్దు. దాని సన్నని పోగులు చుట్ల మధ్య ఇరుక్కుంటే పక్కపక్క చుట్లు షార్టవుతాయి. నూనె, గ్రీజు, గ్రాఫైట్ పొడి కూడా రాగి మీద వద్దు.

కూత కొట్టడం లేదు. ఇంజను బాగానే నడుస్తోంది.

లయనెల్ పద్ధతిలో రైలు ఏసీతో నడుస్తుంది, కూతకు మాత్రం ఆ ఏసీ మీద కొంత డీసీ కలిపి పంపుతారు. బొగ్గు పెట్టెలోని రిలే డీసీకే లేస్తుంది. ఆ డీసీని తయారుచేసేది ట్రాన్స్‌ఫార్మర్లోని రెక్టిఫైయర్ బిళ్ల, దశాబ్దాలు గడిచేసరికి అది నీరసిస్తుంది. దాని స్థానంలో స్టడ్డు రకం సిలికాన్ డయోడు పెడతారు, 25 ఆంపియర్లకు తక్కువ కాకుండా. పాతది ఏ వైపు తిరిగి ఉందో చూసి అదే వైపు పెట్టండి.

మీటను మెల్లగా నొక్కితే రెండు మెట్లున్నట్టు తెలుస్తుంది. మొదటి మెట్టులో రిలే లేవడానికి ఎక్కువ డీసీ, రెండో మెట్టులో లేచినదాన్ని నిలబెట్టడానికి తక్కువ. రెండో మెట్టులోని నిరోధపు తీగ తెగిందేమో కూడా చూడండి. పాత సెలీనియం రెక్టిఫైయర్ కాలితే వచ్చే ఘాటు పొగ విషం. వాసన రాగానే ప్లగ్ పీకి, కిటికీలు తెరిచి గది బయటికి వెళ్లండి.

ఖాళీగా ఉన్నా గుయ్యిమంటోంది. చెడిపోయినట్టేనా?

కొద్దిపాటి మోత సహజం, అది ఇంటి కరెంటు ఫ్రీక్వెన్సీకి రెట్టింపులో ఉంటుంది. బల్ల అదిరేలా ఉంటే కోరు రేకులు వదులై ఉంటాయి. బోల్టులు బిగించండి, అడుగున రబ్బరు కాళ్లు మార్చండి. మోతతో పాటు ఖాళీగానే కాగుతుంటే చుట్టలో షార్టు, దాన్ని బిగింపు బాగుచేయదు.

చుట్ట మాడిపోయింది. మళ్లీ చుట్టించాలా?

అరుదైనదైతే తప్ప అదే మోడల్ పాడైనది ఇంకొకటి వెతికి రెండిట్లోంచి ఒకటి చేసుకోవడం మేలు. గీకిన అంచుతో సెకండరీని సమానంగా చుట్టడం చాలా నేర్పున్న పని.

బేకలైట్ కేసు మసకబారింది. ఎలా మెరిపించాలి?

లోపలి భాగాలన్నీ తీసేశాక గోరువెచ్చని సబ్బు నీళ్లతో తుడిచి, ఆరాక కార్ల పాలిష్ కొద్దిగా. అక్షరాల మీద రుద్దకండి, పోతే తిరిగి రావు.

## పట్టాలకు కలపడం

లోపల బ్రేకర్ ఉంది కదా, మళ్లీ ఫ్యూజులెందుకు?

రెండు కారణాలు. మొదటిది, ఆ బ్రేకర్ రెండు లోహాల పట్టీ. వేడెక్కి వంగితేనే తెగుతుంది. ఏళ్లు గడిచేసరికి ఇంకా మందకొడి అవుతుంది. రెండోది చాలామందికి తెలియదు. జెడ్‌డబ్ల్యూలో బ్రేకర్ ఉన్నది అన్ని హ్యాండిళ్లకూ ఉమ్మడిగా ఉండే కామన్ తీగలో, అంటే ‘యూ’ (U) అని రాసిన పోస్టు వైపు. ‘ఏ’ (A) హ్యాండిల్ 10 వోల్టుల దగ్గర, ‘డీ’ (D) హ్యాండిల్ 18 దగ్గర ఉండి, పట్టాల్లో వేర్వేరు భాగాలను నడుపుతున్నాయనుకోండి. దీపాల పెట్టె ఒక భాగం నుంచి ఇంకో భాగానికి దాటేటప్పుడు దాని కింద కరెంటు అందుకునే రోలర్లు ఆ రెండు భాగాల మధ్య పట్టాలనూ (కరెంటు వచ్చే మూడో పట్టాలనూ) కలుపుతాయి. అప్పుడు కరెంటు ‘ఏ’, ‘డీ’ల మధ్యే తిరుగుతుంది, ‘యూ’ దగ్గరికే రాదు. బ్రేకర్‌కు తెలియను కూడా తెలియదు, కాలేది పెట్టెలోని సన్న తీగా, రోలర్లూ. ప్రతి అవుట్‌పుట్ తీగకూ విడిగా త్వరగా తెగే ఫ్యూజో బ్రేకరో పెడితే ఈ దారి మూసుకుంటుంది. 5 నుంచి 7 ఆంపియర్లవి మామూలు వాడకానికి సరిపోతాయి.

రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఒకే లేఅవుట్‌కు వాడాలి. ఫేజు కలపడం (రెండింటి ఏసీ ఒకేసారి లేచి పడేలా చేయడం) ఎలా?

రెండింటి కామన్ పోస్టులను కలపండి. ఒకే కంపెనీ మోడళ్లలోనే అక్షరాల అర్థం మారుతుంది, కాబట్టి కామన్ ఏదో ఆ మోడల్ సూచనల్లో చూసుకోండి. రెండు హ్యాండిళ్లూ ఒకే వోల్టేజిలో పెట్టి, మిగిలిన రెండు పోస్టుల మధ్య కొలవండి. సున్నాకు దగ్గరగా వస్తే సరే. రెట్టింపు వస్తే ఒక ప్లగ్‌ను తిప్పి పెట్టండి. ప్లగ్ తిరగనిదైతే లోపల ప్రైమరీ తీగలు రెండింటినీ ఒకదాని చోట ఒకటి అటూ ఇటూ మార్చాలి. సరిపోయాక ప్లగ్గులన్నీ ఒకే స్విచ్ బోర్డు మీద పెట్టి రంగు చుక్క వేయండి.

ఇక్కడ ప్రాణం మీదికొచ్చే విషయం ఒకటి. రెండు ట్రాన్స్‌ఫార్మర్ల అవుట్‌పుట్లూ పట్టాల ద్వారా కలిసి ఉండగా ఒకదాని ప్లగ్ పీకితే, రెండోది దానికి వెనక నుంచి కరెంటు పంపుతుంది. అది తలకిందులుగా పనిచేసి వోల్టేజిని పెంచుతుంది. మీ చేతిలో ఉన్న పీకిన ప్లగ్ కాళ్ల మీద ఇంటి వోల్టేజి ఉంటుంది. ఒక ప్లగ్ పీకాలంటే ముందు అన్నిటికీ కలిపి ఉన్న స్విచ్ ఆపండి.

పాత ట్రాన్స్‌ఫార్మర్‌తో కొత్త ఎలక్ట్రానిక్ ఇంజను నడపొచ్చా?

నడపొచ్చు, పాతది ఇచ్చే శుద్ధమైన సైను తరంగం వాటికి బాగా సరిపడుతుంది. ప్రమాదం పట్టాలు తప్పినప్పుడు వచ్చే క్షణికమైన పెద్ద వోల్టేజి ఝలక్‌లతో. పోస్టుల మధ్య, వీలైతే ఇంజను లోపల కూడా, అలాంటి ఝలక్‌ను మింగేసే, రెండు వైపులా పనిచేసే టీవీఎస్ డయోడు పెట్టండి. 1.5కేఈ36సీఏ అనేది ఎక్కువమంది వాడే రకం. త్వరగా తెగే ఫ్యూజు కూడా ఉండాలి, టీవీఎస్ ఓవర్‌లోడును ఆపదు.

డీసీ రైలుకు ఈ ఏసీ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే?

శాశ్వత అయస్కాంతమున్న మోటారు కదలదు, నిలబడి వణుకుతూ మాడిపోతుంది. తీగల రంగులో తేడా కనపడదు కాబట్టి ఏసీ, డీసీ లేఅవుట్లకు వేర్వేరు కనెక్టర్లు పెట్టుకోండి.

## వాడకం, దాచడం

ఎంత వేడి మామూలు?

అరగంట నడిపాక కేసు మీద అరచేయి పెట్టి అయిదు క్షణాలు ఉంచగలిగితే ఫర్వాలేదు. ఉంచలేకపోతే ఒక రైలు తగ్గించండి. గుడ్డలు కప్పకండి, గాలి రంధ్రాలు గోడకు ఆనించకండి.

హ్యాండిల్ సున్నాలో పెడితే ఆపినట్టే కదా?

కాదు. చాలా పాత మోడళ్లకు స్విచ్చే లేదు. ప్లగ్ ఉన్నంతసేపూ ప్రైమరీలో కరెంటు పారుతూనే ఉంటుంది. సూచిక దీపమున్న స్విచ్ బోర్డు మీద పెట్టి, గది వదిలేముందు దాన్ని ఆపండి. పిల్లలు నడుపుతుంటే పక్కన పెద్దవాళ్లు ఉండాలి. పోస్టుల దగ్గర వోల్టేజి తక్కువే అయినా, వైరు దగ్గర ఇంటి కరెంటే.

వర్షాకాలమంతా పెట్టెలో ఉంచి మళ్లీ తీస్తున్నాను. ఏం చూడాలి?

కాగితం, గుడ్డ ఇన్సులేషన్లు తేమను పీల్చుకుంటాయి. ప్లగ్ పెట్టేముందు రెండు రోజులు పొడి గదిలో మూత తెరిచి ఉంచండి, తర్వాత ప్రైమరీకి, కోరుకు మధ్య నిరోధం కొలవండి. దాచేటప్పుడు సిలికా జెల్ సంచులతో డబ్బాలో పెట్టండి. వైరును కేసు చుట్టూ బిగించి చుట్టకుండా వదులుగా పక్కన పెట్టండి. కేసులోకి వెళ్లే ఆ మొదటి అంగుళం దగ్గరే అది ముందు పగులుతుంది. డబ్బా మూత లోపల ఒక చీటీ అంటించండి: వైరు మార్చిన తేదీ, డయోడు రకం, ఫేజు చుక్క ఏ వైపు ఉందో, చివరిసారి కొలిచిన మెగా ఓమ్‌లు.